సిద్ధార్థుడి మీద ఇన్ని పేచీలా!

పుస్తకాల ముచ్చట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

చిన్న పుస్తకమై ఉండాలి, చదివాక ఇంట్లో నాలుగు రోజులు మాట్లాడుకునేలా ఉండాలి, అలాంటి నవల ఒకటి చెప్పమని కిందటి నెల ఒకరు అడిగారు. హెర్మన్ హెస్సే రాసిన ‘సిద్ధార్థ’ పేరు చెప్పి ఊరుకున్నాను. మాట్లాడుకోవడం కాదు, పోట్లాడుకున్నట్టున్నారు. వచ్చిన ఉత్తరాల్లో ఏ రెండూ ఒకే మాట అనలేదు. నాకు ఆశ్చర్యమేమీ లేదు. గ్రంథాలయంలో కౌంటర్ వెనక కూర్చుని ఉద్యోగం చేసినదాన్ని. ఇదే పుస్తకాన్ని ఒకాయన కళ్ళకద్దుకుని తిరిగిచ్చేవాడు, ఇంకొకాయన బల్ల మీద పడేసి ‘ఇంకేదైనా మంచిది ఉంటే ఇవ్వండమ్మా’ అనేవాడు.

చదవనివారి కోసం కథ క్లుప్తంగా: సిద్ధార్థుడు బ్రాహ్మణ కుర్రాడు. స్నేహితుడు గోవిందుడితో కలిసి ఇల్లు వదిలి శ్రమణుల్లో, అంటే అడవుల్లో తిరిగే సన్యాసుల్లో, చేరతాడు. ఉపవాసాలు చేస్తాడు, బుద్ధుణ్ణి కలుస్తాడు. గోవిందుడు బుద్ధుడి దగ్గర ఉండిపోతే ఇతను మాత్రం ఉండడు. నగరానికి వచ్చి కమల అనే గణిక దగ్గర ప్రేమ, కామస్వామి అనే వర్తకుడి దగ్గర వ్యాపారం నేర్చుకుంటాడు. డబ్బు, తాగుడు, జూదం అన్నీ అయ్యాక తన మీద తనకే రోత పుట్టి ఏట్లో పడి చద్దామనుకుంటాడు. చివరికి వాసుదేవుడనే పడవవాడి దగ్గర చేరి, ఆ ఒడ్డునే ముసలివాడవుతాడు. ఇంతే కథ. ఇక పేచీలు.

ప్రశ్న: బుద్ధుడి జీవితచరిత్ర అనుకుని కొన్నాను. కొంచెం దూరం పోయాక బుద్ధుడే ఎదురొచ్చాడు! మోసపోయానా మేడమ్?
— డిగ్రీ విద్యార్థి, తెనాలి

జవాబు: డబ్బులేమీ పోలేదు నాయనా. హెస్సే కావాలనే ఆ పేరు పెట్టాడు. బుద్ధుడికి గోతముడనే పేరు ఉంచేసి, ఆయన చిన్ననాటి పేరు తీసి వేరేవాడికి తగిలించాడు. ఇద్దరి ప్రయాణాలనూ పక్కపక్కన పెట్టి చూసుకోమని కాబోలు.

మీకు అమరావతి దగ్గరే కదా, ఓసారి వెళ్ళి శిల్పాలు చూడండి. మహాభినిష్క్రమణం, అంటే బుద్ధుడు ఇల్లు విడిచి వెళ్ళడం, మన కృష్ణాతీరపు శిల్పులకు ఇష్టమైన ఘట్టం. గుర్రం డెక్కల చప్పుడుకి ఎవరూ లేవకుండా దేవగణాలు వాటిని చేతులతో పట్టుకున్నాయని కథ. అంటే అందరూ నిద్రపోతుండగా, చెప్పకుండా వెళ్ళడం. నవలలో కుర్రాడు మాత్రం తండ్రిని అడిగి వెళతాడు. తండ్రి కుదరదంటే చేతులు కట్టుకుని నిలబడిపోతాడు. తండ్రి పడుకుంటాడు గానీ నిద్రపట్టదు. గంటకోసారి లేచి కిటికీలోంచి చూస్తాడు, కొడుకు అక్కడే, అలాగే నిలబడి ఉంటాడు. తెల్లవారేసరికి పిల్లాడి మోకాళ్ళు వణుకుతుంటాయి, మొహంలో మాత్రం తొణుకు లేదు. అప్పుడు తండ్రి ‘వెళ్ళు. అడవిలో ఆనందం దొరికితే వచ్చి నాకూ నేర్పు, నిరాశే మిగిలితే వచ్చెయ్, మళ్ళీ ఇద్దరం కలిసి దేవతలకు పూజ చేసుకుందాం’ అన్న అర్థం వచ్చేలా చెప్పి పంపిస్తాడు.

ఆ తండ్రి అన్న ‘వచ్చెయ్’ గుర్తుపెట్టుకోండి. ముందు ముందు పనికొస్తుంది.

ప్రశ్న: ఉపనిషత్తులు పుట్టిన దేశంలో ఉండి, ఒక జర్మన్ రాసిన ఆధ్యాత్మిక నవలకు ఇంత హడావిడి ఎందుకమ్మా? వాసుదేవుడు, గోవిందుడు, కమల... బుద్ధుడి కాలం కథకి అన్నీ వైష్ణవుల పేర్లే. హిప్పీలు మోశారు కాబట్టి మనమూ మోస్తున్నాం.
— విశ్రాంత సంస్కృత అధ్యాపకులు, విశాఖపట్నం

జవాబు: మాస్టారూ, సగం ఒప్పుకుంటాను. హెస్సే 1911లో ఓడెక్కి సింహళం, సింగపూర్, సుమత్రా వైపు తిరిగాడే గానీ మన గడ్డ మీద కాలు పెట్టి చూసింది లేదు. 1922లో జర్మన్‌లో వచ్చిన ఈ నవల 1951లో ఇంగ్లీషులోకి వెళ్ళింది, అరవైలలో అమెరికా కుర్రకారు చేతుల్లో పడింది. మీ హిప్పీల మాట అక్కడివరకూ నిజం.

కానీ ఆయనకు భారతదేశం పుస్తకాల నుంచి మాత్రమే వచ్చిందనుకుంటే పొరపాటు. తల్లి మేరీ 1842లో కేరళలోని తలశ్శేరిలో పుట్టింది. ఆమె తండ్రి, అంటే హెస్సే తాతగారు, హెర్మన్ గుండర్ట్. 1872లో వెలువడిన మలయాళ నిఘంటువు ఆయనదే, కేరళలో ఇప్పటికీ ఆ పేరు గౌరవంగా తలుచుకుంటారు. మనవాళ్ళకు అంతగా తెలియని సంగతి ఇంకొకటి ఉంది. మలబారు వెళ్ళకముందు గుండర్ట్ మన చిత్తూరులో ఉన్నాడు, 1838లో పెళ్ళి చేసుకున్నదీ అక్కడే. హెస్సే చిన్నతనంలో జర్మనీలోని కాల్వ్ ఊళ్ళో ఆ తాతగారి ఇంట్లో మసిలినవాడు. ఇక ఉపనిషత్తులూ గీతా అంటారా, జర్మన్‌లో దొరికినంత మేరకు చదువుకున్నాడు.

పేర్ల మీద నాకంత పట్టింపు లేదు. ఆయనకి మన దేశం పూర్తిగా అందలేదని నాకు తోచింది ఇంకోచోట. ఈ కథలో చుట్టాలు లేరు! మేనమామ లేడు, పిన్ని లేదు, పెళ్ళి సంబంధాలు తెచ్చే పెద్దమనిషి లేడు. తల్లి ఒకటి రెండు వాక్యాల్లో వచ్చి వెళ్ళిపోతుంది. బ్రాహ్మణ అగ్రహారంలో ఒక్కగానొక్క పిల్లాడు శ్రమణుల్లో కలుస్తానంటే, రాత్రంతా తండ్రీ కొడుకూ ఇద్దరే మౌనంగా ఉంటారా? తెల్లారేలోపు వీధి వీధంతా అరుగు మీదే ఉంటుంది. అయినా ఆ నిశ్శబ్దం లేకపోతే ఆ సన్నివేశమూ లేదు, అందుకే క్షమించేశాను.

ప్రశ్న: నేను ధాన్యం వ్యాపారిని. మా అమ్మాయి బలవంతం మీద చదివాను. ఊరికి వడ్లు కొనడానికి వెళ్ళినవాడు సరుకు లేదంటే వెంటనే తిరిగి రావాలి. అక్కడే మకాం వేసి, పిల్లలకు డబ్బులు పంచి, ఊరివాళ్ళతో కబుర్లాడి వస్తాడా? కామస్వామి కాబట్టి ఊరుకున్నాడు. మా దగ్గరైతే అదే రోజు లెక్క తేల్చి పంపించేవాళ్ళం.
— తాడేపల్లిగూడెం

జవాబు: అయ్యా, వచ్చిన ఉత్తరాలన్నిట్లో నన్ను బాగా నవ్వించింది మీదే. ఈ నవలను గుమాస్తా వైపు నుంచి, సారీ, యజమాని వైపు నుంచి చదివినవారు నాకింతవరకు తగల్లేదు.

ఆ ఘట్టం మళ్ళీ తీసి చూశాను. సిద్ధార్థుడు వెళ్ళేసరికి పంట వేరే వర్తకుడికి అమ్ముడైపోయింది. అయినా రైతులతో కలిసి తాగుతాడు, పిల్లలకు నాణేలిస్తాడు, ఒక పెళ్ళికి కూడా వెళతాడు, హాయిగా తిరిగొస్తాడు. కామస్వామి మందలిస్తే అతను చెప్పే సమాధానం సుమారుగా ఇది: ‘నీలాంటివాడైతే విసుక్కుంటూ పరుగెత్తుకొచ్చేవాడు, డబ్బూ కాలమూ ఎలాగూ పోయేవి. నేను ఆ నాలుగు రోజులూ సంతోషంగా గడిపాను. మళ్ళీ ఎప్పుడైనా వెళితే వాళ్ళు నన్ను ఆదరిస్తారు.’

ఆ రెండో మాట మీకు తెలియనిదా? కళ్ళంలో రైతుతో పాటు కూర్చుని టీ తాగొచ్చిన వ్యాపారికి పై ఏడు బస్తా ఎలా దొరుకుతుందో నాకన్నా మీకే బాగా తెలుసు. సరే, ఆ పంచిన నాణేలు కామస్వామివి అన్న మీ అభ్యంతరం మాత్రం నిలబడుతుంది. వైరాగ్యం ఎప్పుడూ సొంత డబ్బుతోనే చూపించాలి. హెస్సే కూడా దీన్ని ఊరికే వదల్లేదు చూడండి. ‘నాకు డబ్బంటే లెక్కలేదు’ అని నవ్వినవాడే కొన్నేళ్ళకు పాచికలాటలో వేలకు వేలు పోగొట్టి, ఆ లోటు పూడ్చుకోవడానికి అప్పున్నవాళ్ళ గొంతు మీద కూర్చుంటాడు. మీ అమ్మాయితో ఈ భాగం మాట్లాడండి, వాదనలో మీరే గెలుస్తారు.

ప్రశ్న: కమలను చదివి నాకు ఒళ్ళు మండింది. మగవాడి ఆత్మజ్ఞానానికి ఆవిడ ఒక మెట్టు, అంతేనా? పని అయిపోగానే రచయిత ఆవిణ్ణి పాము చేత కరిపించేశాడు.
— హైస్కూలు టీచర్, హైదరాబాద్

జవాబు: మీ కోపంలో నాకూ భాగం ఉంది. కమల ఎంత తెలివైన మనిషి! అడవి నుంచి వచ్చి ప్రేమ నేర్పమన్నవాడికి ముందు బట్టలు, చెప్పులు, చేతిలో డబ్బు ఉండాలని చెబుతుంది. ఏం చేయగలవని అడిగితే అతను ‘ఆలోచించగలను, వేచి ఉండగలను, ఉపవాసం ఉండగలను’ అంటాడు. ఇంకేమీ రాదా అంటే కవిత్వం కూడా వచ్చంటాడు. సరే, పద్యానికి ఒక ముద్దు. అతను చెప్పకుండా వెళ్ళిపోయాడని తెలిసినప్పుడు ఏడవదు, వెతికించదు. కిటికీ దగ్గర బంగారు పంజరంలో ఉన్న పాటల పిట్టను వదిలేసి, తలుపులు మూసేసుకుంటుంది. కడుపుతో ఉన్న సంగతి ఆ తరువాతే తెలుస్తుంది. తోటను బుద్ధుడి భిక్షువులకు ఇచ్చేస్తుంది. ఇంతా జరిగింది నాలుగైదు వాక్యాల్లో. ఆ నాలుగైదు వాక్యాల్లో ఇంకో నవల ఉంది, అది రాయడం హెస్సేకి పట్టలేదు.

చనిపోయేటప్పుడు ‘బుద్ధుణ్ణి చూద్దామని బయలుదేరాను, నిన్ను చూశాను, అదీ ఇదీ ఒకటే’ అని ఆమె అనుకుంటుంది. చాలామందికి కళ్ళు చెమర్చే చోటు. నాకు మాత్రం అది రచయిత ఆమె చేతిలో పెట్టిన చిల్లరలా అనిపిస్తుంది. కాలినడకన పిల్లాణ్ణి తీసుకుని అంతదూరం వచ్చినావిడను బుద్ధుడి దాకా వెళ్ళనిస్తే ఏం పోయేది?

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ అయ్యాక చేస్తున్న ఉద్యోగం మానేసి ఉత్తరాదిన ఒక ఆశ్రమానికి వెళ్ళిపోయాడు. ఈ పుస్తకం నా చేతికిచ్చి ‘చదువమ్మా, అర్థమవుతుంది’ అన్నాడు. వాడు గీతలు గీసుకున్న వాక్యాలన్నీ చదివాను. అన్నీ మొదటి భాగంలోనే ఉన్నాయి. మావారు వాడితో మాట్లాడటం మానేశారు. ఈ పుస్తకం మంచిదేనంటారా? వాడు తిరిగొస్తాడా?
— ఒంగోలు

జవాబు: అమ్మా, వస్తాడో రాడో నేను చెప్పలేను, చెబితే అబద్ధం అవుతుంది. పుస్తకం గురించి మాత్రం చెప్పగలను.

మీ అబ్బాయి గీతలు ఆగిపోయిన చోటు నుంచి మీరు చదవండి. ముఖ్యంగా ‘కొడుకు’ అనే అధ్యాయం. కమల పోయాక పదకొండేళ్ళ పిల్లాడు సిద్ధార్థుడి చేతిలో పడతాడు. సుఖాల్లో పెరిగినవాడు, మెత్తటి పరుపూ నౌకర్లూ అలవాటు. వాడికి ఈ పూరిపాక నచ్చదు. సిద్ధార్థుడు మంచి పళ్ళన్నీ వాడికే ఉంచుతాడు, వాడి పని కూడా తనే చేస్తాడు, కేకలేసినా పల్లెత్తు మాట అనడు. ఓపికతో గెలుచుకోవచ్చని అతని ఆశ. ఒకరోజు వాసుదేవుడు మెల్లగా అడుగుతాడు: నువ్వు కొట్టవు, కట్టెయ్యవు, నిజమే. కానీ నీ మంచితనంతో రోజూ వాణ్ణి సిగ్గుపడేలా చెయ్యడం కట్టెయ్యడం కాదా? అన్నం దొరకడమే గొప్ప అనుకునే ఇద్దరు అరటిపళ్ళ ముసలాళ్ళతో ఈ గుడిసెలో ఆ పిల్లాణ్ణి ఉండమనడం బలవంతం కాదా?

పుల్లలు ఏరుకు రమ్మన్న రోజున పిల్లాడు మొహం మీద అసహ్యాన్ని కక్కేసి, మర్నాటికల్లా డబ్బులున్న బుట్ట పట్టుకుని పడవ వేసుకుని పారిపోతాడు. తెడ్డు కూడా లేకుండా చేస్తాడు, వెనకాల రావద్దనే కదా. అయినా ఇతను వెంటపడతాడు. కమల తోట దాకా వెళ్ళి అక్కడ నిలబడిపోతాడు. జ్ఞానం కోసం ఇల్లూ గురువునూ ప్రేయసినీ అందరినీ వదిలేసినవాడు, ఒక్క పిల్లాణ్ణి వదల్లేక దుమ్ములో కూర్చుండిపోతాడు. తరువాత ఏట్లోకి వంగి చూసినప్పుడు తన మొహంలో తండ్రి మొహం కనిపిస్తుంది. నాన్న కూడా నా కోసం ఇలాగే కుమిలిపోయి ఉంటాడు, నన్ను మళ్ళీ చూడకుండానే ఒంటరిగా పోయి ఉంటాడు అనిపిస్తుంది. తెనాలి కుర్రాడికి గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. ‘వచ్చెయ్’ అన్న తండ్రి దగ్గరికి ఇతను ఏనాడూ వెళ్ళలేదు.

ఇది రాసినాయన ఎలాంటి స్థితిలో రాశాడో కూడా తెలుసుకోండి. భార్యకు మానసిక అనారోగ్యం, సంసారం చెదిరింది. 1919లో ఒక్కడే స్విట్జర్లాండ్‌లోని మోంటన్యోలా అనే పల్లెకు చేరాడు. ముగ్గురు కొడుకులు, ముగ్గురూ వేరే చోట్ల పెరుగుతున్నారు. ఆ అధ్యాయంలో నాకు తత్త్వం కన్నా ఈ తండ్రే ఎక్కువ కనిపిస్తాడు.

మీవారు మాట్లాడటం లేదని రాశారు. నవలలో తండ్రి కూడా మొదట పడక మీద నుంచి మాట్లాడలేదు, కానీ నిద్రపోలేదు. ఆయన నిద్రపోతున్నారో లేదో మీకే తెలుస్తుంది. వీలైతే ఆ అధ్యాయం ఆయనకు చదివి వినిపించండి. అబ్బాయికి మాత్రం ‘చూశావా నీ పుస్తకంలోనే ఉంది’ అని దెప్పుతూ పంపకండి. పుస్తకం ఇల్లు వదలమని ఎవరికీ చెప్పదు, వెళ్ళాలనుకున్నవాళ్ళు అందులో తోడు వెతుక్కుంటారు. ఇంకొకటి, ఆశ్రమం అడ్రసు, అక్కడి బాధ్యుల ఫోన్ నంబరు మీ దగ్గర ఉండాలి. అది అడగడం మీ హక్కు, మొహమాటపడకండి.

ప్రశ్న: ఈ నవల చదివాక ఐటీ జాబ్‌కి రిజైన్ చేసేద్దామనిపిస్తోంది. మీరేమంటారు?
— బెంగళూరు నుంచి ఒక తెలుగు పాఠకుడు

జవాబు: హోమ్ లోన్ ఉందా తమ్ముడూ? సిద్ధార్థుడి మూడు విద్యల్లో మీకు ఎన్ని వచ్చో చూసుకోండి. ఆలోచన వచ్చు, అందుకే ఉత్తరం రాశారు. వేచి ఉండటం రాదు, ఉత్తరంలోనే తెలుస్తోంది. ఇంకో సంగతి, ఉపవాసం వల్ల ఉపయోగం ఏమిటని కామస్వామి అడిగితే ‘తిండి లేనివాడికి దాన్ని మించిన ఉపాయం లేదు’ అంటాడు. ఆకలి భయం లేదు కాబట్టి మొదటి ఉద్యోగం దొరికే దాకా టెన్షన్ పడకుండా ఆగగలడు. అంటే ఆ విద్యలు అతనికి పనికొచ్చింది ఉద్యోగంలో చేరడానికి!

ప్రశ్న: మా తాత రేవులో పడవ నడిపినవాడు. నవలలో పడవవాడికి నది వినడం తప్ప వేరే పనున్నట్టు లేదు. రేవు వేలంపాట లేదు, పంచాయతీ లేదు, వరదొస్తే పస్తుల్లేవు. చదువుతుంటే నవ్వొచ్చింది.
— ముక్తేశ్వరం

జవాబు: నవ్వండి, మీకా హక్కుంది. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి మీ ఊరు వచ్చినప్పుడల్లా నేను చూసింది కూడా వేలంలో రేవు పాడుకున్నవాళ్ళ లెక్కలూ, మోటార్ సైకిళ్ళ మీద గొడవలే. అయితే వాసుదేవుడి మాట ఒకటి మీ తాతగారు ఒప్పుకునేవారేమో. నేను దాటించిన వేలమందికి ఈ నది ఒక అడ్డంకి, అంతే, అంటాడు. వాళ్ళు పెళ్ళికో, వ్యాపారానికో, యాత్రకో పోతుంటారు, నది దారికి అడ్డం, పడవవాడు ఆ అడ్డం తొలగించేవాడు. ఆగి విన్నవాళ్ళు నలుగురైదుగురు. ఆ లెక్క మాత్రం ఏ రేవులోనైనా సరిపోతుంది. మీ తాతగారి కబుర్లు రాసి పంపండి, హెస్సే కన్నా ఆసక్తిగా చదువుతాను.

ప్రశ్న: చివరి అధ్యాయం ఉపన్యాసంలా లేదూ? ‘జ్ఞానం మాటల్లో చెప్పలేం’ అంటూనే పేజీలకు పేజీలు మాటలు.
— కర్నూలు

జవాబు: ఉంది. రాయి రేపు మట్టి అవుతుంది, మొక్క అవుతుంది, జంతువు అవుతుంది, అయినా దాన్ని రాయిగానే ప్రేమిస్తాను అంటూ ముసలి సిద్ధార్థుడు గోవిందుడికి చెప్పే మాటలు విడిగా చదివితే బాగుంటాయి, కథలో మాత్రం బరువు. దీనికో కారణం ఉంది. హెస్సే ఈ నవలను వేగంగా మొదలుపెట్టి, మధ్యలో చాలాకాలం ఆపేశాడు. తపించేవాడి గురించి రాయడం తెలిసింది, గెలిచినవాడి గురించి రాయబోతే కలం ఆగిపోయిందని తనే చెప్పుకున్నాడు. 1921లో మనోవిశ్లేషకుడు కార్ల్ యూంగ్ దగ్గర మానసిక విశ్లేషణ కూడా చేయించుకున్నాడు, ఆ తరువాతే పూర్తయింది. ఆ అతుకు నాకు కనిపిస్తూనే ఉంటుంది. సిద్ధార్థుడు ఓడిన చోటల్లా పుస్తకం బతికి ఉంది, గెలిచిన చోట కొంచెం బిగుసుకుంది.

ఆ అధ్యాయంలో నా ఓటు గోవిందుడికి. జీవితమంతా కాషాయంలో గడిపి, ముసలితనంలో కూడా ‘నా దారికి పనికొచ్చే ఒక్క మాట చెప్పు’ అని సిగ్గుపడకుండా అడుగుతాడు. అతని మీద ఎవరూ ఉత్తరం రాయలేదు, అదొక్కటే నాకు లోటు.

ప్రశ్న: సినిమా వచ్చిందట కదా, అది చూస్తే సరిపోతుందా?
— వరంగల్

జవాబు: 1972లో కాన్రాడ్ రూక్స్ తీశాడు. శశి కపూర్ సిద్ధార్థుడు, సిమీ గరేవాల్ కమల. స్వీడన్ దర్శకుడు బెర్గ్‌మన్ సినిమాలకు కెమెరా పట్టిన స్వెన్ నిక్విస్ట్ దీనికీ పనిచేశాడు, రిషికేశ్ నీళ్ళు చూడటానికైనా చూడొచ్చు. హేమంత్ కుమార్ బెంగాలీ పాటలు కూడా ఉన్నాయి. సరిపోతుందా అంటే సరిపోదు. కొడుకు కోసం కుమిలిపోయే తండ్రి మనసు కెమెరాకి చిక్కేది కాదు.

వచ్చే నెల ఉత్తరాలు ఒక పేజీ దాటకుండా రాయండి, చోటు చాలడం లేదు. ఒంగోలు అమ్మగారికి మాత్రం ఆ నిబంధన వర్తించదు.